కొలతలిచ్చి చేయించుకున్న రైఫిల్: వేట, ఆయుధ చట్టం, మందస అడవి

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు

- వలస పాలనలో వేటకూ దొంగవేటకూ మధ్య గీత ఎలా గీశారో వివరించగలరు.
- ఒక వేట రైఫిల్ తయారీలో పనితనం, వ్యాపారం, చట్టం ఎలా కలిశాయో చెప్పగలరు.
- ఒక వస్తువును చరిత్రకు ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

పలాసలో ఇచ్ఛాపురం వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే తరువాతి స్టేషను సుమ్మాదేవి, ఆ తరువాతది మందస రోడ్డు. తూర్పు కిటికీలోంచి చూస్తే కొబ్బరి, జీడి తోటల ఉద్దానం కనిపిస్తుంది. పడమటి కిటికీలోంచి చూస్తే కొండలు, వాటి వెనుక 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి కనిపిస్తాయి. మందస, టెక్కలి, పర్లాకిమిడి వంటి జమీందారీలు ఈ ప్రాంతంలోవే. అప్పట్లో ఇది గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మందస, టెక్కలి ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో చేరాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది.

ఆ రోజుల్లో రాజులు, పెద్ద జమీందార్లు, తెల్ల అధికారులు జింకల వేట కోసం ఇంగ్లండులో తమ కొలతలకు రైఫిళ్లు చేయించుకునేవారు. ఇది డబ్బున్నవారి సరదా కదా, చరిత్ర విద్యార్థికి దీనితో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ రైఫిల్ చేయించుకోవాలంటే డబ్బొక్కటే చాలదు. దాన్ని దగ్గర ఉంచుకునే అనుమతి కావాలి, దానితో తిరగడానికి ఒక అడవి కావాలి. ఈ రెండూ ఎవరికి దక్కాయి, ఎవరికి దక్కలేదు అన్నదే ఈ పాఠంలోని అసలు ప్రశ్న.

2. ఏది వేట, ఏది దొంగవేట?

జింకను వేటాడే పద్ధతులు చాలా ఉన్నాయి. మనుషులు డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ మృగాన్ని తరిమితే, తుపాకీ పట్టిన వ్యక్తి ఒకచోట కాచుకుని కాల్చడం ఒక పద్ధతి. దీన్ని హాకా అంటారు. గాలివాలు చూసుకుని, చప్పుడు కాకుండా కాలినడకన వెంబడించి, ఒక్క గుండుతో పడగొట్టడం మరో పద్ధతి. పొంచి వేటాడే ఈ పద్ధతికి స్కాట్లండు కొండల్లో 19వ శతాబ్దంలో గొప్ప పేరు వచ్చింది. విక్టోరియా రాణి కుటుంబం 1852లో బాల్మోరల్ ఎస్టేటు కొన్న తరువాత అది పెద్దింటి మర్యాదగా స్థిరపడింది. ఇక్కడికి వచ్చిన ఆంగ్ల అధికారులు ఆ మర్యాదను వెంట తెచ్చుకున్నారు. కణితి, చుక్కల దుప్పి, కృష్ణజింక వారికి వేట మృగాలయ్యాయి.

మర్యాదతో పాటు నియమాలూ వచ్చాయి. పిల్లల తల్లిని కాల్చకూడదు, కొమ్ములు బాగా ఎదిగిన మగదాన్నే ఎంచుకోవాలి, రాత్రి దీపం పెట్టి కాల్చకూడదు. వినడానికి ఇవన్నీ మంచి నియమాలే. కానీ వాటి రెండో వైపు కూడా చూడండి. కొండమీద సవరలు విల్లుతో, ఉచ్చుతో కూటికోసం చేసే వేట ఈ నియమాల ముందు మోటుపని అయింది, తరువాత నేరమయింది. మద్రాసు రాష్ట్రంలో నీలగిరి వేట జంతువుల, చేపల సంరక్షణ చట్టం 1879లో వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో అనుమతి లేని వేటను నిషేధించింది. 1912లో అడవి పక్షుల, జంతువుల రక్షణకు దేశవ్యాప్త చట్టం వచ్చింది.

మైదానపు రైతు పరిస్థితి వేరు. అతనికి జింక వేట మృగం కాదు, చోడి చేను మేసిపోయే జంతువు. మంచె ఎక్కి, ఒడిసెల తిప్పి, రాత్రంతా కేకలు వేయడమే అతని కాపలా. ఒకే జంతువు ఒకరికి వినోదం, ఒకరికి ఆహారం, ఒకరికి నష్టం అన్న సంగతి గుర్తుంచుకోండి.

3. ఆర్డరు నుంచి అడవి దాకా

దుకాణంలో దొరికే రైఫిల్‌కూ చేయించుకున్న రైఫిల్‌కూ ఉన్న తేడా దర్జీ కుట్టిన కోటుకూ కొన్న కోటుకూ ఉన్న తేడా లాంటిది. భుజానికి ఆనే కర్ర భాగాన్ని తుపాకీ మడమ అంటారు. ట్రిగ్గర్ నుంచి మడమ చివర దాకా ఎంత పొడవుండాలి, మడమ ఎంత కిందికి వాలాలి, ఎటువైపు కాస్త ఒంగాలి అన్నవి కాల్చేవాడి చేయి, మెడ, భుజం కొలతలను బట్టి నిర్ణయమవుతాయి. కొలతలు కుదిరితే రైఫిల్ ఎత్తగానే కన్ను గురికి ఎదురుగా వస్తుంది. పొంచి వేటాడేవాడికి దొరికే వ్యవధి కొన్ని క్షణాలే కనుక ఇది అలంకారం కాదు, అవసరం.

లండన్‌లో పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, రిగ్బీ, బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ ఇటువంటి పనికి పేరుపొందిన సంస్థలు. స్వయంగా వెళ్లగలిగినవారికి మడమను అటూ ఇటూ సర్దడానికి వీలైన నమూనా తుపాకీతో కొలతలు తీసేవారు. దూరాన ఉన్నవారు కేటలాగు చూసి, కొలతలు రాసి పంపేవారు. గొట్టం ఒకరు, యంత్రభాగం ఒకరు, అక్రోటు కర్రతో మడమ ఒకరు, చెక్కడపు పని మరొకరు చేసేవారు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు గుండును తిప్పుతూ పంపుతాయి కనుకనే అది దూరం వరకు తిన్నగా పోతుంది. గాడుల్లేని గొట్టం ఉన్న తుపాకీకీ రైఫిల్‌కూ అదే తేడా. తయారైన రైఫిల్‌ను ప్రమాణానికి మించిన మందుతో పేల్చి పరీక్షించి, నిలిచిన దానిపై ముద్ర వేసేవారు. బర్మింగ్‌హామ్‌లో ఈ పరీక్షాలయం 1813 చట్టంతో ఏర్పడింది.

మనదేశపు ఎండ కూడా లెక్కలోకి వచ్చేది. కార్డైట్ మందు వేడికి మరింత ఒత్తిడి పుట్టిస్తుంది. అందుకని ఉష్ణదేశాల కోసం మందు తగ్గించిన తూటాలను వేరుగా తయారుచేసేవారు. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక సరుకు త్వరగా చేరేది. కలకత్తాలో మాంటన్, రోడా కంపెనీలు, మద్రాసులో గడియారాలు, నగలతో పాటు తుపాకులూ అమ్మిన పి. ఆర్ అండ్ సన్స్ ఈ వ్యాపారంలో ఉండేవి. తీరం వెంట రైలుమార్గం పడ్డాక ఆ రెండు నగరాలూ ఈ ప్రాంతానికి దగ్గరయ్యాయి.

4. గుండు కొలతను నిర్ణయించిన ప్రభుత్వం

కొనేవాడు తనకు కావలసిన కొలతలన్నీ చెప్పవచ్చు, ఒక్కటి తప్ప. గుండు వ్యాసం, అంటే కాలిబర్, ఎంత ఉండాలో ప్రభుత్వానికీ పట్టింపు ఉండేది. సైన్యం వాడే తూటాలు బయటి తుపాకుల్లో పట్టకూడదన్నది దాని భయం. పాత సైనిక తుపాకీ మార్టిని-హెన్రీ గుండు .450 అంగుళాలది. ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చేరతాయన్న ఆందోళనతో 1907లో ఆ కాలిబర్ వేట రైఫిళ్లను భారతదేశంలోకి రాకుండా నిషేధించారు. వెంటనే ఇంగ్లండులోని తయారీదార్లు .465, .470, .476 వంటి కొత్త కాలిబర్లు రూపొందించారు. జింకలకు సరిపోయే చిన్న కాలిబర్లలోనూ ఇదే జరిగింది. సైన్యం వాడే .303కు బదులు భారత మార్కెట్టు కోసం .315 రైఫిళ్లు చేసి పంపారు. స్వాతంత్ర్యం తరువాత మన ఆయుధ కర్మాగారాలు తయారుచేసిన .315 వేట రైఫిల్‌కు ఆ అంకె అలా వచ్చింది.

ప్రభుత్వ భయానికి తరువాత ఒక రుజువూ దొరికింది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లను, 46,000 తూటాలను బెంగాల్ విప్లవకారులు తరలించుకుపోయారు. దొరల వేటకు తుపాకులు అమ్మే దుకాణమే విప్లవకారులకు ఆయుధాగారమయింది.

5. అనుమతి ఎవరికి?

లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చిన 1878 ఆయుధ చట్టం ప్రకారం భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. ఐరోపా వారికి ఆ అవసరం లేదు. రాజులు, పెద్ద జమీందార్లు కొందరికి కూడా మినహాయింపు దొరికింది. ఒకే అడవి అంచున ముగ్గురిని ఊహించుకోండి. తెల్ల అధికారి అడగనక్కర్లేదు. మినహాయింపు ఉన్న జమీందారు హోదా చూపిస్తే చాలు. రైతు దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి.

ఈ వివక్ష జాతీయోద్యమంలో పెద్ద ఫిర్యాదు అయింది. అహింసావాది అయిన గాంధీజీ సైతం జాతిని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. 1931 కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా ఉంది. ఆ మాటను వేట సరదాతో ముడిపెట్టకండి. అక్కడ ప్రశ్న పౌరుడి హోదాకు సంబంధించినది.

6. అడవి ఎవరిది? మందస, 1940

శాశ్వత శిస్తు విధానం జమీందారును భూమికి యజమానిగా గుర్తించింది. జమీందారీ అడవులపైనా అతని అజమాయిషీయే. పొయ్యిలోకి కట్టె, నాగలికి కర్ర, ఇంటికి దూలం అన్నీ అడవి నుంచే రావాలి. వాటిని రైతులు తమ వాడుక హక్కు అనుకున్నారు. జమీందారు దాన్ని తన సొత్తు అన్నాడు.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ రోజుల్లోనే మందస జమీందారీలోని గుడారి రాజమణిపురం రైతులు అడవిలోకి వెళ్లి కలప తెచ్చుకున్నారు. వారిని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులకు గ్రామస్థులు అడ్డునిలిచారు. 1940 ఏప్రిల్ 1న పోలీసులు కాల్పులు జరిపారు. ముందు నిలబడిన సాసుమాన గున్నమ్మతో సహా అయిదుగురు మరణించారు. గున్నమ్మ అప్పుడు గర్భవతి. ఈ ప్రాంతం ఆమెను వీరగున్నమ్మ అని తలుచుకుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ తూటాలు వేట రైఫిల్‌వి కావు, పోలీసులవి. ఆ తగవు జింకల గురించి కాదు, కట్టెల గురించి. అయినా రెంటికీ మూలం ఒక్కటే. అడవి ఒకరి సొంతమని చట్టం చెప్పినప్పుడు అందులో వినోదానికి తిరిగేవాడు యజమాని అయ్యాడు, కట్టె కోసం వెళ్లినవాడు దొంగ అయ్యాడు.

7. స్వాతంత్ర్యం తరువాత

1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. 1959 ఆయుధ చట్టం 1878 చట్టం స్థానంలో వచ్చింది. పంట రక్షణకు నోటినుంచి మందు కూరే తుపాకీ, ఆత్మరక్షణకో క్రీడకో గాడుల్లేని తుపాకీ ఉంటే లైసెన్సు పొందడం కొంత సులువు. రైఫిల్‌కు మాత్రం తగిన కారణం చూపాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణతో వేట లైసెన్సులే పోయాయి. ఈనాడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకను వేటాడటం తీవ్రమైన నేరం.

2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల సాంప్రదాయిక హక్కులను గుర్తిస్తూనే వేటను మినహాయించింది. జంతువులు మిగలాలంటే ఈ నిషేధం అవసరం. అయితే ఒకే నిషేధం ఇద్దరికి ఒకే నష్టం కాదు. రాజవంశీకుడు వదులుకున్నది సరదా, సవర వదులుకున్నది కూటిలో ఒక భాగం.

8. రైఫిల్‌ను ఆధారంగా చదవడం

పాత రైఫిల్ ఒకటి మ్యూజియంలో మీకు కనిపిస్తే ఏం చూడాలి? తయారీదారు పేరు, వరుస సంఖ్య, పరీక్షాలయ ముద్ర, కాలిబర్, మడమపై పేరు చెక్కిన బిళ్ల. పేరున్న సంస్థలు పాత ఆర్డరు పుస్తకాలను దాచుకున్నాయి కనుక వరుస సంఖ్య ఆధారంగా అది ఎప్పుడు ఎవరికోసం తయారైందో కనుక్కోవచ్చు. జిమ్ కార్బెట్ వాడిన రిగ్బీ రైఫిల్ దీనికి మంచి ఉదాహరణ. 1907లో చంపావత్‌లో మనుషులను తిన్న ఆడపులిని చంపినందుకు, సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు దాన్ని బహూకరించినట్లు దానిపై ఉన్న వెండి బిళ్ల చెబుతుంది.

ఇక అది చెప్పనివి కూడా ఆలోచించండి. హాకా తోలినవారి పేర్లు దానిపై ఉండవు. ఆ పని వెట్టిగా చేశారా, కూలి దొరికిందా అన్నది బిళ్ల చెప్పదు. రైఫిల్ యజమానికి ఆర్డరు పుస్తకంలో ఒక పేజీ ఉంది. హాకా తోలినవాడి కోసం పాత కేసు కాగితాలు, జమీందారీ లెక్కలు, ఊళ్లోని పెద్దల జ్ఞాపకాలు వెతకాలి. మీ ఇంటిలోనో పొరుగింటిలోనో అటువంటి జ్ఞాపకం ఉంటే ఇప్పుడే రాసి పెట్టండి. ఆ తరం వెళ్లిపోతే ఆ ఆధారమూ వెళ్లిపోతుంది.

9. సారాంశం

కొలతలిచ్చి చేయించుకున్న రైఫిల్ ఒక మనిషి భుజానికి సరిపోయేలా తయారయ్యేది. అయితే ఏ భుజం దాన్ని మోయవచ్చో 1878 చట్టం, ఏ గుండు అందులో పట్టాలో 1907 నిషేధం, ఏ అడవిలో దానితో తిరగవచ్చో జమీందారీ హక్కు నిర్ణయించాయి. ఆ హక్కుకు మరోవైపు 1940 నాటి గుడారి రాజమణిపురం నిలిచి ఉంది. వస్తువు వెనుక ఉన్న అనుమతులను చదవగలిగితే వస్తువు చరిత్ర సమాజ చరిత్ర అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1907లో .450 కాలిబర్ రైఫిళ్ల దిగుమతిని ఎందుకు నిషేధించారు? దాని ఫలితం ఏమిటి?
2. 1878 ఆయుధ చట్టంలోని వివక్షను ఉదాహరణతో వివరించండి.
3. గుడారి రాజమణిపురం ఘటనను అటవీ హక్కుల కోణంలో చర్చించండి.
4. మీ ప్రాంతంలోని ఒక పాత వస్తువును ఎంచుకుని, అది చెప్పే విషయాలను, చెప్పని విషయాలను రెండు పట్టికలుగా రాయండి.