డిష్‌వాషర్‌పై స్టార్ గుర్తు ఎందుకు ఉండదు? గుంటూరు, ప్రకాశం ఇళ్లలో కరెంట్ లెక్క ఇదీ..

ఫ్రిజ్ కొంటే స్టార్లు చూస్తాం. ఏసీ కొంటే షాపువాడిని మొదట అడిగేదే ఎన్ని స్టార్లని. మరి గిన్నెలు తోమే మెషిన్ కొనేటప్పుడు? డిష్‌వాషర్ డబ్బా నాలుగు వైపులా తిప్పి చూసినా ఆ గుర్తు కనపడదు. కంపెనీ దాచిపెట్టిందని కాదు. అసలు మన దేశంలో డిష్‌వాషర్‌కు ప్రభుత్వ స్టార్ రేటింగే లేదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే బీఈఈ, 2024 వరకు ఇచ్చిన తప్పనిసరి జాబితాలోనూ, స్వచ్ఛంద జాబితాలోనూ ఈ మెషిన్ పేరు లేదు.

గుంటూరు, తెనాలి, నరసరావుపేట, ఒంగోలు లాంటి చోట్ల ఈ మెషిన్ గురించి అడిగేవాళ్లకు కారణాలు వేర్వేరు. అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లకు అక్కడి అలవాటు. ఇక మిర్చి కోతల సీజన్ వచ్చిందంటే ఊళ్లలో కూలీలకు ఎంత గిరాకీ ఉంటుందో తెలిసిందే. ఇంటిపనికి మనిషి దొరకడం అప్పుడు ఇంకా కష్టం. మెషిన్ కొనడంలో తప్పేం లేదు. కానీ నెల తిరిగేసరికి బిల్లు ఎంత పెరుగుతుందో చెప్పే గుర్తు దానిమీద లేదు కాబట్టి, ఆ లెక్క మనమే వేసుకోవాలి.

స్టార్ వెనుక చట్టం ఏం చెబుతోంది?

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కిందే 2002 మార్చి 1న బీఈఈ ఏర్పాటైంది. స్టార్ లేబుల్ పథకం మొదలైంది 2006 మేలో. చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం ఏ పరికరానికి ఎంత కరెంట్ ప్రమాణమో కేంద్రం నిర్ణయించవచ్చు. లేబుల్ తప్పనిసరి చేయవచ్చు. ప్రమాణం అందుకోని సరుకు తయారీని, అమ్మకాన్ని, దిగుమతిని ఆపేయవచ్చు కూడా.

ఏసీలు, ఫ్రిజ్‌లు, గీజర్లు, టీవీలు, ఎల్‌ఈడీ బల్బులు ఇలా ఒక్కొక్కటిగా తప్పనిసరి జాబితాలోకి వచ్చాయి. ఇంటింటా తిరిగే సీలింగ్ ఫ్యాన్ వంతు వచ్చేసరికి 2023 జనవరి 1 అయింది. ఫ్యాన్‌కే అన్నేళ్లు పడితే, కొద్ది ఇళ్లలో మాత్రమే ఉండే డిష్‌వాషర్ ఇంకా వెనకబడి ఉండటంలో ఆశ్చర్యం లేదు. దేశం మొత్తం మీద కరెంట్ ఎక్కడ ఎక్కువ తింటుందో అక్కడే ముందు చెయ్యి వేయాలి కదా.

అలా చెయ్యి వేస్తే ఏమవుతుందో గుంటూరు జిల్లా ముందే చూసింది. 2014 చివర్లో రాష్ట్రంలో ఎల్‌ఈడీ బల్బుల పంపిణీకి తొలి విడతలో ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో గుంటూరు ఒకటి. అనంతపురం, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం మిగతావి. పాత 60 వాట్ల బల్బులు తీసుకుని, ఒక్కోటి 10 రూపాయలకు 7 వాట్ల ఎల్‌ఈడీలు ఇంటికి రెండు చొప్పున ఇచ్చారు. తర్వాత ఇదే దేశమంతటా ఉజాలా పథకంగా వెళ్లింది.

ఒక్క ట్రిప్పుకు ఎంత కరెంట్?

డిష్‌వాషర్‌లో మోటార్ తినేది తక్కువే. అసలు ఖర్చంతా నీళ్లు కాచడానికి. 10 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.35 యూనిట్ కావాలి. దీనికి గిన్నెలు, మెషిన్ లోపలి స్టీలు వేడెక్కడం, ఆరబెట్టడం, పంపు నడవడం కలుపుకోవాలి. పెద్ద సైజు మెషిన్‌లో ఒక ట్రిప్పుకు ఒక యూనిట్ అనుకుని లెక్క వేస్తే మరీ తప్పు పోదు.

రోజుకో ట్రిప్పు అంటే నెలకు 30 యూనిట్లు. ఇక్కడే స్లాబుల సంగతి వస్తుంది. 2022లో ఏపీఈఆర్‌సీ ఖరారు చేసిన ఇళ్ల టారిఫ్‌లో 76 నుంచి 125 యూనిట్ల వరకు యూనిట్ 4.50 రూపాయలు, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75 రూపాయలు. ఇప్పటికే నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంట్లో ఈ 30 యూనిట్లకు పడేది 142 రూపాయల 50 పైసలు. 200 యూనిట్ల ఇంట్లో దాదాపు 194. ఏసీ నడుస్తూ 300 దాటిన ఇంట్లో 262 రూపాయల 50 పైసలు. మెషిన్ అదే, గిన్నెలు అవే. సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. అంటే ఎండాకాలంలో ఏసీ పెట్టిన ఇంట్లోనే డిష్‌వాషర్ కూడా ఎక్కువ రేటుకు నడుస్తుందన్నమాట.

అయితే మన ఎండ ఒక మేలు కూడా చేస్తుంది. యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షించేటప్పుడు మెషిన్‌లోకి 15 డిగ్రీల చల్లటి నీళ్లు వదులుతారు. మన మేడమీద ట్యాంకులో అంత చల్లటి నీళ్లు సంక్రాంతికి కూడా కష్టమే. మే నెలలో మధ్యాహ్నం కొళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. 40 డిగ్రీల నీళ్లు లోపలికి వెళ్తే పైన చెప్పిన 0.35 యూనిట్ కాస్తా 0.23కి దిగుతుంది. నేరుగా బోరు, కొళాయి లైనుకు కాకుండా ట్యాంకు లైనుకు మెషిన్ కలిపితే వేసవిలో ఆ మేరకు లాభమే.

అమెరికాలో గొడవ దేనికి?

అక్కడ డిష్‌వాషర్ ప్రమాణాలు 1987 నాటి చట్టంతో మొదలయ్యాయి. 2013 మే నుంచి పెద్ద సైజు మెషిన్ ఏడాదికి 307 యూనిట్లు, ట్రిప్పుకు 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు దాటకూడదు. దీన్ని 2027 నుంచి 223 యూనిట్లకు, 3.3 గ్యాలన్లకు తగ్గించాలని 2024లో బైడెన్ ప్రభుత్వం రూల్ తెచ్చింది. నీళ్లు, వేడి తగ్గిస్తే మెషిన్ ఎక్కువసేపు తిరగాలి. రెండు గంటలు దాటినా గిన్నెలు బయటకు రావట్లేదన్నది జనం ఫిర్యాదు. గంటలోపు ముగించే మెషిన్లను వేరే తరగతిగా చూస్తామని 2020లో ట్రంప్ ప్రభుత్వం అంది. 2022లో తర్వాతి ప్రభుత్వం దాన్ని కొట్టేసింది. ఆ కొట్టివేత సరిగా లేదని 2024 జనవరిలో ఫిఫ్త్ సర్క్యూట్ కోర్టు తప్పుపట్టింది. 2025 మేలో ట్రంప్ మళ్లీ ఈ నీటి పరిమితులపైనే పడ్డారు.

ఆ వాదనల్లో ఒకదాన్ని మాత్రం మనం ఇక్కడికి తెచ్చుకోకూడదు. చేత్తో తోమడం కంటే మెషిన్‌కే కరెంట్ తక్కువ అని అక్కడ చెబుతారు. అక్కడ సింకులో వేడినీళ్లు పారుతాయి కాబట్టి ఆ మాట చెల్లుతుంది. మనం తోమేది చన్నీళ్లతో. గుంటూరులో డిష్‌వాషర్ వాడితే కరెంట్ ఆదా ఉండదు, ప్రతి యూనిట్ కొత్త ఖర్చే. మిగిలేది నీళ్లు, మనిషి శ్రమ. కొళాయి వదిలేసి తోమే ఇంట్లో నీళ్లు గట్టిగానే మిగులుతాయి. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ప్రకాశం ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. బకెట్లో ముంచి తోమే ఇంట్లో ఆ తేడా కూడా తగ్గిపోతుంది.

బోరు నీళ్లతో జాగ్రత్త

గీజర్ రాడ్ బయటకు తీసినప్పుడు తెల్లగా గట్టిపడ్డ పొర చూసే ఉంటారు. అదే పొర డిష్‌వాషర్ లోపల కూడా కడుతుంది. వేడి నీళ్లకు చేరడం ఆలస్యమవుతుంది, హీటర్ తొందరగా పోతుంది, స్టీలు గ్లాసుల మీద చారలు మిగులుతాయి. దీనికోసమే చాలా మెషిన్లలో ఉప్పు పోసే అర ఉంటుంది. అందులో డిష్‌వాషర్ ఉప్పే పోయాలి, వంటింటి ఉప్పు పనికిరాదు. నీళ్ల కాఠిన్యం ఎంతో ముందు పరీక్ష చేయించి, మెషిన్‌లో ఆ నంబర్ పెట్టుకోవాలి. కాఠిన్యం పెరిగేకొద్దీ మెషిన్ తనను తాను కడుక్కోవడానికి అదనంగా నీళ్లు వాడుకుంటుంది. కంపెనీ చెప్పిన లీటర్ల లెక్క అక్కడే తప్పుతుంది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ సమస్య వేరు, ఇది వేరు. ఈ ఉప్పు ఫ్లోరైడ్‌ను తీయదు.

షాపులో అడగాల్సినవి

స్టార్ లేదు కాబట్టి రెండు అంకెలు అడగాలి. ఎకో ప్రోగ్రామ్‌లో ట్రిప్పుకు ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్లు? యూరప్ లేబుల్ ఉంటే 100 ట్రిప్పులకు ఎన్ని యూనిట్లో దానిమీద ఉంటుంది, వందతో భాగిస్తే చాలు. 'ఏ ప్లస్ ప్లస్ ప్లస్' అని బ్రోచర్‌లో కనిపిస్తే అది పాత స్కేలు. 2021 మార్చి 1 నుంచి అక్కడ ఏ నుంచి జీ వరకు ప్లస్సులు లేని కొత్త గ్రేడ్లే.

ఇంకో మాట. లేబుల్ మీది అంకె ఎకో ప్రోగ్రామ్‌ది. మిర్చి కారం, నూనె పట్టిన మూకుళ్లు, అడుగంటిన పప్పు గిన్నె ఉన్నప్పుడు చాలామంది నొక్కేది ఇంటెన్సివ్ బటన్. అందులో నీళ్లు 65, 70 డిగ్రీల దాకా కాగుతాయి. బాగా జిడ్డు ఉన్న మూకుడు ఒక్కటి విడిగా చేత్తో తోమేసి, మిగతావి ఎకోలో వేస్తే బిల్లు పైన చెప్పిన లెక్క దగ్గర్లోనే ఉంటుంది. సగం నిండిన మెషిన్‌ను రోజుకు రెండుసార్లు తిప్పితే మాత్రం నెలకు 30 యూనిట్లు కాస్తా 60 అవుతాయి.