దిగువ కృష్ణా డెల్టాలో మహిళా రైతులు: సభల నుంచి సమాఖ్యల దాకా

విషయ పరిచయం

వర్షాకాలంలో గుడివాడ నుంచి బందరు మీదుగా అవనిగడ్డకు ప్రయాణించేటప్పుడు దారికి ఇరువైపులా వరి ఊడ్పులు వేసే స్త్రీల ముఠాలను మీరు చూసి ఉంటారు. మీలో కొందరు ఆ కుటుంబాల నుంచే వచ్చి ఉంటారు. ఊడ్పు, కలుపు, కోత, విత్తనం దాచడం వంటి పనులలో ఎక్కువ భాగం స్త్రీలదే. అయినా ‘రైతు’ అనగానే మన మనసులో మెదిలేది పురుషుడే. ఈ స్త్రీలు వ్యవసాయ శిక్షణ సభలలోకి ఎప్పుడు, ఏ హోదాలో వచ్చారు? ఈ పాఠ్యభాగంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

తొలి మహిళా సమాజాలు

1902లో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. అచ్చమాంబ ఇతర ఊళ్లకు వెళ్లి అక్కడ కూడా సమాజాలు ఏర్పడేందుకు కృషి చేశారు. స్త్రీలు ఒకచోట కూడటం, ఒకరి అనుభవం మరొకరికి చెప్పుకోవడం, ఊరూరికీ సంబంధాలు పెంచుకోవడం అనే పద్ధతికి ఈ ప్రాంతంలో ఇది తొలి పునాది. అయితే వీటిలో పాల్గొన్నవారు ప్రధానంగా చదువుకు అవకాశమున్న కుటుంబాల స్త్రీలు. పగలంతా పొలంలో ఉండే స్త్రీకి అక్షరమూ లేదు, తీరికా లేదు.

రైతు ఉద్యమాలు, పట్టా ప్రశ్న

1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి సాగు విస్తరించింది. దానితోపాటు శిస్తు, అప్పు, కౌలు సమస్యలూ పెరిగాయి. 1930వ దశకంలో ఆచార్య ఎన్.జి.రంగా నిడుబ్రోలులో రైతులకు రాజకీయ శిక్షణ ఇచ్చే పాఠశాల నడిపారు. దివిసీమలో చల్లపల్లి జమీందారీకి వ్యతిరేకంగా రైతులు పోరాడారు. 1944లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ బెజవాడలో జరిగింది. ఈ ఉద్యమాలు రైతుకు గొంతునిచ్చాయి. కాని శిస్తు, పట్టా ఎవరి పేరున ఉంటే వారినే రైతుగా లెక్కించే అలవాటు కొనసాగింది. 1970ల తరవాత వచ్చిన శిక్షణ–సందర్శన పద్ధతిలో కూడా వ్యవసాయ శాఖ ఎంచుకున్న సంపర్క రైతులలో ఎక్కువమంది పురుషులే.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని బలిగొంది. పొలాలను ఉప్పునీరు ముంచెత్తింది. కుటుంబ పెద్ద, ఇల్లు, పంట ఒకేసారి పోయిన ఇంట్లో మిగిలిన స్త్రీకి భూమి ఎవరి పేరున ఉందన్నది బతుకు ప్రశ్న. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కు కల్పించింది. దేశమంతటికీ ఈ హక్కు 2005లో వచ్చింది.

పొదుపు సంఘాల దారి

1982లో మొదలైన డ్వాక్రా పథకం, 1990లలో విస్తరించిన పొదుపు ఉద్యమం పరిస్థితిని మార్చాయి. పది పదిహేనుమంది స్త్రీలు క్రమం తప్పకుండా కూర్చుని, పొదుపు లెక్క చూసుకుని, తీర్మానాల పుస్తకం రాసుకున్నారు. 2000లో ప్రారంభమైన వెలుగు కార్యక్రమంతో ఈ సంఘాలు గ్రామ, మండల, జిల్లా సమాఖ్యలుగా ఎదిగాయి. ఇక్కడ ఒక విషయం గమనించండి. స్త్రీ ఈ సభలకు రైతుగా రాలేదు, పొదుపు సభ్యురాలిగా వచ్చింది. సభ్యత్వానికి పట్టాదారు పాసుపుస్తకం అక్కరలేదు. అందువల్లనే సొంత భూమి ఉన్నవారు, కౌలుదారులు, కూలీలు ఒకే చాప మీద కూర్చోగలిగారు.

వ్యవసాయం ఈ వేదికలోకి తరవాత వచ్చింది. 2004 నుంచి పురుగుమందులు లేని సాగు, 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం ప్రధానంగా మహిళా సంఘాల ద్వారానే ఊళ్లకు చేరాయి. ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు శిక్షణకు తోడ్పడ్డాయి. దీని ప్రయోజనాన్ని ఒక ఉదాహరణతో అర్థం చేసుకుందాం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే మినుము చల్లడం డెల్టా పద్ధతి. మినుముకు వచ్చే పల్లాకు తెగులును తెల్లదోమ వ్యాప్తి చేస్తుంది. కలుపు తీసే స్త్రీ పసుపురంగు ఆకును మొదట చూస్తుంది. ఆమె మాట సమాఖ్య సమావేశానికి చేరితే, పక్క ఊరి పొలం వారు ముందుగా జాగ్రత్తపడగలరు.

మిగిలిన సమస్య

సమాఖ్య జ్ఞానాన్ని ఇచ్చింది, పరిచయాలను ఇచ్చింది. పంటరుణం, బీమా, నష్టపరిహారం మాత్రం చాలావరకు పట్టా మీద ఆధారపడి ఉన్నాయి. 2007 జాతీయ రైతు విధానం కౌలుదారులను, వ్యవసాయ కూలీలను కూడా రైతులుగా నిర్వచించింది. రాష్ట్రంలో 2019 సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డుకు భూయజమాని అంగీకారం కావాలి. భూమీ కౌలూ భర్త పేరున ఉన్న ఇంట్లో స్త్రీ శిక్షణ పొందినా, కాగితం మీద ఆమె రైతు భార్యగానే మిగులుతుంది. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించడానికి నేపథ్యం ఇటువంటి అసమానతలే.

సారాంశం

దిగువ డెల్టాలో స్త్రీలు కూడిన తొలి సమాజాలు పొలం దాకా రాలేదు. రైతు ఉద్యమాలు పొలం దాకా వచ్చినా పట్టా దగ్గర ఆగాయి. పొదుపు సంఘం పట్టా అడగనందువల్ల స్త్రీలను కలపగలిగింది, కాని పట్టాను ఇవ్వలేకపోయింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

మీ గ్రామ సమాఖ్యలో వ్యవసాయ పని చేసే ఐదుగురు సభ్యులతో మాట్లాడండి. వారు సాగుచేసే భూమి ఎవరి పేరున ఉంది? గత ఏడాది వ్యవసాయం గురించి వారు ఎవరి నుంచి, ఏ సమావేశంలో నేర్చుకున్నారు? ఈ రెండు సమాధానాలను పక్కపక్కన రాసి, వాటి మధ్య సంబంధాన్ని పది వాక్యాలలో వివరించండి.