ఉపవాసం, పస్తు, అంబలి

చిల్పూరు గుట్ట మీది దేవుణ్ణి జనం బుగులు వేంకటేశ్వరస్వామి అంటారు. కుబేరుని అప్పు తీరే దారి కానరాక, ఆ బుగులుతోనే ఇక్కడి గుహలో తపస్సు చేశాడని స్థలకథ. అప్పులపాలైన రైతు తన భయాన్నే దేవునికి ఆపాదించాడని నేననుకుంటాను. తపస్సుకు మూలం వైరాగ్యం కాదు, లేమి అని ఒప్పుకున్న కథ ఇది.

మతనియమానికీ భోజనసుఖానికీ మధ్య ఘర్షణను మన పండితులు తరచు ఇంద్రియనిగ్రహ సమస్యగానే చూస్తారు. కాని ఉపవాసం వేరు, పస్తు వేరు. ఉన్న తిండి మానడం ఉపవాసం. లేక మాడడం పస్తు. ఈ తేడా మరిస్తే వ్రతకథల సామాజిక స్వభావం బోధపడదు.

రుక్మాంగదుని కథే చూడండి. ఎనిమిదేళ్లు దాటి ఎనభై నిండని వారెవరూ ఏకాదశినాడు అన్నం ముట్టరాదని రాజు చాటింపు వేయిస్తాడు. భక్తి ఇక్కడ రాజశాసనమైంది. పస్తులున్నవాడికి ఈ శాసనం కొత్తగా చెప్పేదేముంది?

పాల్కురికి సోమనాథుని బసవపురాణం మరో దారి తొక్కింది. శివుడు కరికాల చోళుని రాజనైవేద్యం కాదని, గుర్రాలకు గడ్డి కోసే మాదర చెన్నయ్య ఇంట అంబలి ఆరగిస్తాడు. వ్రతనిష్ఠలో సోమనాథుడు ఎవరికీ తీసిపోడు. అయినా ఆయన దేవుడు రుచిని త్యజించలేదు. రుచి శ్రమజీవి ఇంట ఉందన్నాడు. అయితే అదే కావ్యంలో సిరియాళుడు జంగమవేషధారికి కన్నకొడుకును వండి పెడతాడు. బిడ్డ చివరకు బతికి వచ్చినా, నిష్ఠ మనిషిని మింగగలదన్న సత్యం మిగిలే ఉంటుంది.

బమ్మెర పోతన భాగవతంలో రంతిదేవుడు 48 రోజులు అన్నపానీయాలు లేకుండా ఉండి, దొరికిన కాస్తా ఆకలిగొన్నవారికి పెడతాడు. అదే పోతన గోపబాలురతో కృష్ణుడు చల్ది ఆరగించడాన్ని నోరూరేలా వర్ణించాడు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. రెండుచోట్లా అన్నం పంచబడుతుంది.

సోమనాథుని ఊరని చెప్పే పాలకుర్తిలోనే 1940లలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. ఆంధ్రమహాసభ కార్యకర్తలు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. గింజలు ఇల్లు చేరిన తర్వాతే, ఉపవాసం ఉండాలా వద్దా అన్నది ఆమె ఇష్టమవుతుంది. మన ప్రాచీన సాహిత్యాన్ని విమర్శకులు ఆ గడప దగ్గర నిలబడి చదవాలి.