లింగ నిర్ధారణ – నెట్టీ స్టీవెన్స్ పరిశోధన: చారిత్రక పరిశీలన

శిశువు ఆడా మగా అన్నది తల్లి ఆహారం వంటి బాహ్య కారణాలపై ఆధారపడుతుందన్న అభిప్రాయం పంతొమ్మిదవ శతాబ్ది చివర శాస్త్రలోకంలోనూ బలంగా ఉండేది. 1891లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెంకింగ్ ఒక కీటకపు శుక్రకణాలలో సగానికి మాత్రమే చేరే క్రోమాటిన్ భాగాన్ని గుర్తించి ‘ఎక్స్’ అన్నారు. 1902లో మెక్‌క్లంగ్ దానిని లింగంతో ముడిపెట్టారు. కానీ అది మగ సంతతికి కారణమని పొరబడ్డారు.

అమెరికాలోని బ్రిన్ మార్ కళాశాలకు చెందిన నెట్టీ స్టీవెన్స్ 1905లో పిండిపురుగు కణాలను పరిశీలించారు. ఆడ పురుగులో 20 పెద్ద క్రోమోజోములు, మగ పురుగులో 19 పెద్దవి, ఒక చిన్నది కనిపించాయి. అండాలన్నీ ఒకే రకం. శుక్రకణాలు రెండు రకాలు. చిన్న క్రోమోజోము గల శుక్రకణం అండంతో కలిస్తే మగ, పెద్దది గలది కలిస్తే ఆడ సంతతి కలుగుతుందని ఆమె నిర్ధారించారు. ఆ ఏడాదే ఎడ్మండ్ విల్సన్ కూడా విడిగా ఇటువంటి ఫలితాలనే ప్రకటించారు.

1910లో మోర్గన్ పండ్ల ఈగ తెల్లకన్ను లక్షణం ఎక్స్ క్రోమోజోముతో సంక్రమిస్తుందని చూపారు. 1933లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది; స్టీవెన్స్ 1912లోనే మరణించారు.

మానవులలోనూ తల్లి ఇచ్చేది ఎక్స్ మాత్రమే. ఎక్స్ లేదా వై తండ్రి నుండి వస్తుంది. ఆడపిల్లలను కన్నదని కోడలిని నిందించే సమాజానికి పిండిపురుగు చెప్పిన ఈ సమాధానం శతాబ్దం దాటినా ఇంకా చేరవలసే ఉంది.