రంగా గారి పార్టీ, మన 1/70: సంప్రదాయవాదం ఎన్ని రంగులు మార్చింది?



పోటీ పరీక్షల పుస్తకాల్లో 'సంప్రదాయవాదం అంటే పాతదాన్ని కాపాడటం' అని ఒక్క లైన్‌లో తేల్చేస్తారు. మేము హాస్టల్లో మాట్లాడుకున్నది వేరే. పాతది అంటే ఏది? ఎవరిది? దానికి జవాబు కాలాన్ని బట్టి మారిపోతూ వచ్చింది. మన తెలుగు నేల మీద అది చూడాలంటే ఆచార్య ఎన్.జి. రంగా గారి జీవితం చాలు.

ఆయన నిడుబ్రోలు రైతు బిడ్డ. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి 1930లలో జమీందారీలు పోవాలని రైతుల్ని కూడగట్టారు. అప్పట్లో పాతదాన్ని కాపాడేవాళ్లంటే జమీందార్లు, వాళ్ల వెనుక బ్రిటిష్ వాళ్లు. 1948 మద్రాసు చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. ఇక ఆ భావజాలం పని అయిపోయింది అనుకుంటాం కదా. అయిపోలేదు, వేషం మార్చుకుంది.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార సేద్యం కావాలని తీర్మానించింది. సొంత పొలం ఉన్న రైతులకి భయం పట్టుకుంది. అదే ఏడాది రాజాజీ, మినూ మసానీ వాళ్లు స్వతంత్ర పార్టీ పెట్టారు. అధ్యక్షుడు ఎవరనుకున్నారు, రంగా గారే! మాజీ రాజులు, వ్యాపారులు, రైతులు ఒకే పందిరి కిందికి వచ్చారు. జైపూర్ మహారాణి గాయత్రీ దేవి కూడా ఆ పార్టీయే. మాకు మొదట నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే లెక్క సరిపోతుంది. ఇప్పుడు కాపాడాల్సింది జమీందారీని కాదు, పట్టాని. పర్మిట్లు, లైసెన్సులు, కోటాల రాజ్యం వద్దన్నారు రాజాజీ. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచారంటే చిన్న పార్టీ ఏం కాదు.

మనం ఆగి చూడాల్సింది ఇక్కడే. ఆ 1959లోనే ఆంధ్ర ఏజెన్సీకి భూబదలాయింపు నిబంధన వచ్చింది, 1963లో తెలంగాణకి కూడా పెట్టారు. 'నా భూమి నా ఇష్టం' అని అక్కడ పార్టీ పుడుతుంటే, ఇక్కడ ఆ ఇష్టానికి హద్దు పెట్టారు. ఎందుకంటే మన దగ్గర 'ఇష్టపడి అమ్మటం' అంటే ఏంటో తాతలకి తెలుసు: ఉప్పుకీ, బట్టకీ, అప్పుకీ వేలిముద్ర. రంగా గారు శ్రీకాకుళం ఎంపీగా ఉన్న రోజుల్లోనే ఆ జిల్లా కొండల్లో గిరిజనులు షావుకార్ల మీద తిరగబడ్డారు. 1970లో 1/70 వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే లెక్క, కాదంటే అతనే నిరూపించుకోవాలి. ఆస్తి హక్కు గురించి అంత గొప్పగా మాట్లాడిన సిద్ధాంతానికి, పట్టా లేనివాడి పోడు ఆస్తిలా కనపడలేదనే మేము అనుకుంటున్నాం.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాం. 1971లో పార్టీ 8 సీట్లకి పడిపోయింది, 1974లో చరణ్ సింగ్ వాళ్లతో కలిసిపోయింది. రంగా గారు తిరిగి కాంగ్రెస్‌లోకి వెళ్లారు. సంప్రదాయవాదం ఆస్తి నుంచి మతం, సంస్కృతి, జాతి వైపు జరిగింది, అది 1951లో పుట్టిన జనసంఘ్ దారి. రాజాజీ వద్దన్న లైసెన్సుల్ని 1991లో చాలావరకు ఎత్తేసింది మాత్రం కాంగ్రెస్ ప్రధాని పి.వి. నరసింహారావు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకి దిగిన పి.వి.నే!

1997లో సమతా తీర్పు, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకి లీజుకివ్వకూడదంది. 1/70 పాతబడింది, మార్చాలి అనే మాట అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది. ఉన్న చట్టాన్ని కదపొద్దు అంటున్నది ఇప్పుడు మనం. ఈ లెక్కన సంప్రదాయవాదులు ఎవరు? లా చదువుతున్న అన్నలు, అక్కలు రాయండి.