విశ్రాంతి రోజున ఒక పుస్తకం

2017 జూన్ 24. ఇంగ్లండ్‌లోని డెర్బీలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్ జరుగుతోంది. కాళ్లకి ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం ఎదురుచూస్తున్న భారత కెప్టెన్ మిథాలీ రాజ్ బౌండరీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. ఎలక్ట్రానిక్ పరికరాలు దగ్గర పెట్టుకోకూడదన్న నిబంధన వల్ల కిండిల్ పక్కన పెట్టి, ఫీల్డింగ్ కోచ్ దగ్గర రూమీ కవిత్వం అరువు తెచ్చుకున్నానని తర్వాత ఆమే చెప్పింది. ఆ రోజు 71 పరుగులు చేసింది. వరుసగా ఏడో అర్ధసెంచరీ అది. మనవాళ్లు 35 పరుగుల తేడాతో గెలిచారు.

ఫొటో చూసినవాళ్లలో చాలామంది ‘ఎంత ప్రశాంతంగా ఉందో’ అని మెచ్చుకున్నారు. ఆడదాని ప్రశాంతతని మనం ఎప్పుడూ స్వభావం ఖాతాలో వేస్తాం, సాధన ఖాతాలో వెయ్యం. ఆమె ఎన్ని గంటలు బ్యాటు పట్టుకుందో లెక్క దొరుకుతుంది. బ్యాటు పట్టుకోని గంటల్లో ఏం చేసిందన్న లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

మిథాలీ పెరిగింది సికింద్రాబాద్‌లో. తమిళ కుటుంబం, తండ్రి వైమానిక దళంలో పనిచేసినవాడు. కూతురు పొద్దెక్కేదాకా నిద్రపోతోందని, కొడుకుతోపాటు ఆమెనీ సెయింట్ జాన్స్ క్రికెట్ శిబిరానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆ పిల్ల మనసు భరతనాట్యం మీద ఉంది. చివరికి క్రికెట్టే మిగిలింది గానీ, నాట్యం వృథా పోయిందని నేననుకోను. నాట్యం నేర్చుకున్నవాళ్లకి తెలుసు, కాళ్లు నొప్పి పుట్టి కూర్చున్నప్పుడు కూడా జతులు మనసులో నడుస్తూనే ఉంటాయి. దేహం ఆగినా సాధన ఆగదు.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. కండరాల శాస్త్రం నాది కాదు. అయినా జిమ్‌లో చేరిన మొదటి వారంలోనే ఎవరైనా చెప్పే మాట ఒకటుంది: బరువులెత్తేటప్పుడు కండ అలుస్తుంది, బలపడేది విశ్రాంతిలోనే. అందుకే వారంలో ఒకటో రెండో రోజులు బరువులు ముట్టుకోవద్దంటారు. మరి ఆ రోజు మనసు ఏం చెయ్యాలి? 1992లో గ్వాంగ్ యూ, కెల్లీ కోల్ అనే పరిశోధకులు ఒక చిత్రమైన ప్రయోగం ప్రచురించారు. కొంతమంది నాలుగు వారాలపాటు చిటికెనవేలికి కసరత్తు చేశారు. మరికొంతమంది వేలు కదపకుండా, చేస్తున్నట్టు ఊహించుకున్నారు. చేసినవాళ్ల బలం 30 శాతం పెరిగింది, ఊహించుకున్నవాళ్లది 22 శాతం. ఏమీ చెయ్యనివాళ్లకి 4 శాతం కూడా పెరగలేదు. చిటికెనవేలు బార్‌బెల్ కాదు, నిజమే. కానీ కండకి ఆజ్ఞ ఇచ్చేది మెదడని, ఆ ఆజ్ఞకి కూడా సాధన ఉంటుందని ఆ వేలు చెప్పింది.

మన తాలింఖానాల మగవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్‌లో ఏనుగుని రొమ్ముమీద ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు (1882-1942) తన బలానికి ప్రాణాయామమే మూలమని నమ్మినవాడు. దండీలు, బస్కీలు ఎంతో, శ్వాస మీద ధ్యాస అంత. ఆ సంప్రదాయం గొప్పదే. కాకపోతే తెల్లవారుజామున ఒక మగవాడు కళ్లు మూసుకుని కూర్చోవాలంటే, ఆ వేళకి ఇంట్లో ఇంకెవరో పొయ్యి ముట్టించి ఉండాలి. వస్తాదుల జీవితచరిత్రల్లో పాలూ బాదం పప్పుల లెక్కలుంటాయి. వాటిని నానబెట్టి నూరిన చేతులు కనిపించవు.

ఆడవాళ్లకి ఇల్లు ఇచ్చిన విశ్రాంతి ఏది? నెలకి మూడు రోజులు దూరం కూర్చోబెట్టడం. దానికి పెట్టిన పేరు మైల. వెలివేతనే విశ్రాంతి అని సమర్థించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా వీధిలో నలభై దాటాక బరువులెత్తడం మొదలుపెట్టిన ఒకావిడని ‘ఆదివారం రెస్ట్ డే కదా, ఏం చేస్తారక్కా?’ అని అడిగితే నవ్వింది. “జిమ్ముకెళ్లే రోజులే నయమమ్మా, ఆ గంటసేపైనా ఎవరూ పిలవరు. ఆదివారం ఇడ్లీ పిండి, వారం బట్టలు, చుట్టాలు.” బరువు లేని రోజంటూ ఆమెకి లేదు.

మన బలమైన స్త్రీల గురించి రాసినప్పుడు కూడా మనసు ఊసు తక్కువే. ఒలింపిక్స్‌లో మగవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ 1896 నుంచి ఉంటే, ఆడవాళ్లకి 2000లో పెట్టారు. ఆ సిడ్నీ క్రీడలకి ముందు ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరిని లావెక్కిందని, పనైపోయిందని పత్రికలు వెక్కిరించాయి. సెప్టెంబర్ 19న 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ స్త్రీ. స్వర్ణం, రజతం రెండూ 242.5 మీదే తేలాయి. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 అడిగింది, బార్ నిలవలేదు. ఎంత బరువు అడగాలన్నది కండ తేల్చే విషయం కాదు. కొన్ని నిమిషాల్లో, అలసట మధ్య, మనసు కట్టాల్సిన లెక్క. ఆమె భుజాల గురించి రాసినంతగా ఆ నిమిషాల గురించి ఎవరూ రాయలేదు.

మనసుకి శిక్షణ అనగానే అంతా మంచే అనుకోనక్కర్లేదు. పి.వి. సింధు అరవదు, కోర్టులో దూకుడు చూపదు అని, ఒకసారి అకాడమీలో యాభైమంది చుట్టూ నిలబడగా మధ్యలో నిలబెట్టి, అరిస్తేగానీ రాకెట్ ముట్టుకోవద్దన్నారట. ఆ పిల్ల ఏడ్చింది గానీ అరవలేదని కోచ్ గోపీచంద్ స్వయంగా 2016లో చెప్పారు. రియో రజతం తర్వాత దీన్ని విజయగాథగా చెప్పుకున్నాం. నాకు మాత్రం రెండు రకాలుగా అనిపిస్తుంది. నెమ్మదిగా మాట్లాడమని పెంచే సమాజంలో ఆడపిల్లకి గొంతు విప్పడం నేర్పాల్సిందే. కానీ గొంతు కూడా ఆజ్ఞ మీద విప్పాల్సి రావడం?

సింధూ మిథాలీల చరిత్రలో సికింద్రాబాద్‌కి ఉమ్మడి సూత్రం ఒకటుంది, రైల్వే. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఇక్కడ కేంద్రంగా ఏర్పడింది. సింధు తల్లిదండ్రులిద్దరూ రైల్వేలో పనిచేసిన వాలీబాల్ క్రీడాకారులు. ఆమె తొలి పాఠాలు ఇక్కడి రైల్వే శిక్షణ సంస్థ కోర్టులోనే. మిథాలీకి ఉద్యోగం ఇచ్చిందీ రైల్వేయే. మహిళా క్రికెట్ 2006లో బీసీసీఐ కిందికి వచ్చింది, వార్షిక కాంట్రాక్టులు 2015లో వచ్చాయి. అంటే 1999లో మొదటి వన్డేలోనే అజేయంగా 114 కొట్టిన అమ్మాయి ఆ తర్వాత పదహారేళ్లు బోర్డు జీతం లేకుండానే ఆడింది. ఆ కాలంలో ఆమె విశ్రాంతికి జీతం కట్టింది రైల్వే ఉద్యోగం. సెలవు, జీతం ఉన్నచోటే పుస్తకం తెరుచుకుంటుంది. మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ఇస్తామని బోర్డు ప్రకటించింది 2022 అక్టోబర్‌లో. అప్పటికి మిథాలీ ఆట మానేసి నాలుగు నెలలు దాటింది.