ఖజాంచీ చెప్పిన బాయిలరు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. ముప్పై మూడేళ్లు ఇంజనీరింగు కార్యాలయంలో టెండరు కాగితాలతోనే గడిపిన గుమస్తాను. నాకు తోచింది 1829 అక్టోబరులో ఇంగ్లండులోని రెయిన్‌హిల్ దగ్గర జరిగిన రైలింజన్ల పోటీ.

లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం నిర్మాణంలో ఉంది. బండ్లను ఏది లాగాలన్నది మాత్రం తేలలేదు. దారి పొడవునా ఆవిరియంత్రాలు పాతి, తాళ్లతో లాగించడం మేలని వాకర్, రాస్ట్రిక్ అనే ఇంజనీర్లు నివేదిక ఇచ్చారు. ఆ మార్గానికి ఇంజనీరైన జార్జి స్టీఫెన్‌సన్ కదిలే ఇంజనే కావాలన్నాడు. డైరెక్టర్లు ఎటూ తేల్చలేక 500 పౌండ్ల బహుమతితో పోటీ ప్రకటించారు.

ఆ షరతులు చదివితే అచ్చం మన టెండరు నోటీసే. బరువు 6 టన్నులు మించరాదు. నాలుగు చక్రాలే ఉంటే నాలుగున్నర టన్నులు దాటరాదు. ధర 550 పౌండ్ల లోపు. 6 టన్నుల ఇంజను 20 టన్నులను గంటకు 10 మైళ్ల వేగంతో లాగాలి. పొగ రాకూడదు. మొత్తం 70 మైళ్లు నడిచి చూపాలి.

అప్పటివరకు ఇంజన్లంటే బొగ్గు గనుల దగ్గర మెల్లగా బరువులు లాగేవి. జార్జి కొడుకు రాబర్ట్ న్యూకాసిల్ కర్మాగారంలో ఆ పద్ధతి పక్కనపెట్టాడు. అడిగింది తేలికైన, వేగమైన ఇంజను గనుక, రెండు చక్రాలనే తిప్పేట్టు, నాలుగుంపావు టన్నులలో ‘రాకెట్’ తయారుచేశాడు. అంత చిన్న బాయిలరులో చాలినంత ఆవిరి ఎలా? దీనికి ఉపాయం చెప్పింది రైలుకంపెనీ ఖజాంచీ హెన్రీ బూత్. ధాన్యం వ్యాపారి కొడుకు, ఇంజనీరు కాడు. మంట వేడి ఒక్క పెద్ద గొట్టంలో పోయే బదులు అనేక సన్నగొట్టాలలో పోతే నీటికి ఎక్కువ వేడి తగులుతుందన్నాడు. 25 రాగి గొట్టాలు బిగించారు. పీడనం పెట్టి చూస్తే బాయిలరు చివరి రేకు ఉబ్బింది; కడ్డీలు వేసి బలపరిచారు. ఈ కబుర్లన్నీ రాబర్ట్ బూత్‌కు ఉత్తరాలలో రాసేవాడు.

అయితే ఒక మాట. పోటీ పెట్టిన కంపెనీ ఖజాంచీ, ఆ కంపెనీ ఇంజనీరు, ఇద్దరూ పోటీదారులే! మన ఆడిట్‌వారు చూస్తే ఎన్ని పేజీల అభ్యంతరం రాసేవారో.

లండన్ నుంచి వచ్చిన ‘నావెల్టీ’ మొదటిరోజు 28 మైళ్ల వేగంతో జనాన్ని మురిపించింది. ఏడు వారాల్లో కట్టినది, లండన్‌లో నడిపి చూడటానికి పట్టాలే లేవు. గొట్టాలు, అతుకులు ఓడిపోయి విరమించుకుంది. రాకెట్‌ను ముందే కిల్లింగ్‌వర్త్‌లో నడిపి చూసుకున్నారు. అది 70 మైళ్లూ నడిచింది. సగటు వేగం 12 మైళ్లు, గరిష్ఠం దాదాపు 30.

నాకు జాలి కలిగేది టిమోతీ హ్యాక్‌వర్త్ మీద. ఉద్యోగం చేసుకుంటూ సొంత డబ్బుతో ‘సాన్స్ పరేల్’ కట్టాడు. తనకు అలవాటైన గట్టి ఇంజనే కట్టాడు, నాలుగు చక్రాలకు ఇచ్చిన హద్దు దాటింది. అయినా నడవనిచ్చారు, సిలిండరు పగిలి ఆగింది. ఆ సిలిండర్లు పోసింది స్టీఫెన్‌సన్ల కర్మాగారమే. కావాలని చేశారని నేననను. తరువాత కంపెనీ దాన్ని కొన్నది, బోల్టన్–లీ మార్గంలో 1844 వరకు పనిచేసింది.

ఒకసారి నేను ఒక షరతులో లోపం చూపి నోట్ పెడితే, ‘సాంకేతిక విషయాలు నీకెందుకయ్యా’ అని అధికారి ఫైలు తిప్పి పంపారు. ఆ పనికి రెండోసారి టెండరు పిలిచారు. ఆ రెండో నోటీసూ నేనే రాశాను.

చిన్నప్పుడు మా మేనమామగారు పనిచేసే బిట్రగుంట లోకోషెడ్డులో, చల్లారిన ఇంజను ముందు తలుపు తీసి, వరసగా ఉన్న గొట్టాలలోంచి మసి దులుపుతుంటే గంటల తరబడి చూసేవాణ్ణి. బూత్ పేరు నాకప్పటికి తెలియదు.